సీరియల్లో గే కుర్రాడికి పెళ్లి చేసి "బాగుచేసేశారు"! అసలిది పుట్టుకతో వచ్చేదేనా?

పెరంబూరు_పద్మ
మా అమ్మ రాత్రి ఎనిమిదిన్నరకి ఒక డబ్బింగ్ సీరియల్ చూస్తుంది. పేరు చెప్పను, చూసేవాళ్లకి అర్థమైపోతుంది. అందులో చిన్నకొడుకు తన కాలేజీ స్నేహితుణ్ణి ప్రేమించాడని, ఆడపిల్లల మీద వాడికి మనసు లేదని ఆ మధ్య తేల్చారు. నేను నిజంగా సంతోషించాను. మన ఇళ్ల హాల్లోకి ఇలాంటి కథ రావడమే గొప్ప. తీరా ఈ వారం ఏం చేశారంటే, తల్లి విషం సీసా పట్టుకుని నిలబడింది, వాడు వెళ్లి మరదలి మెడలో మూడు ముళ్లు వేశాడు. తర్వాత వాన, పాట, శోభనం గది. నిన్నటి ఎపిసోడ్‌లో భార్యకి మల్లెపూలు తెచ్చి "నువ్వే నన్ను మనిషిని చేశావు" అంటున్నాడు.

అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ చూస్తోంది. చేతిలో కాయ అలాగే పట్టుకుని అడిగింది: "ఏమే, ఇది పుట్టుకతో వస్తుందా, సావాసాల వల్ల వస్తుందా? పెళ్లి చేస్తే నిజంగానే పోతుందా?" నాకు తెలిసింది చెప్పాను. నమ్మలేదు. వీడికి పోయింది కదా అంటుంది. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. ఇంకో మాట కూడా, ఇలా రాసేవాళ్లకి దీనివల్ల ఎంతమంది కొంపలు మునుగుతాయో తెలియదా?

టీనగర్_సుబ్బు
ఆ సీరియల్ మా ఇంట్లోనూ నడుస్తోంది అక్కా. మా ఆవిడైతే పెళ్లి ఎపిసోడ్ చూసి టీవీ కట్టేసింది. ఆవిడ కోపంలో టీవీ కట్టేయడం మా ఇంట్లో చరిత్ర. వరదలప్పుడు కరెంటు పోతే తప్ప ఆ టీవీ ఆగింది లేదు.

రిటైర్డ్_మాస్టారు
నా అభిప్రాయం వేరు. అసలు ఇలాంటి పాత్రలు సీరియల్లో పెట్టడమే అనవసరం. పన్నెండేళ్ల మనవరాలు పక్కన కూర్చుని ఉంటుంది. చూసింది నేర్చుకునే వయసు. ముప్పై ఏళ్లు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి, పిల్లలు దేన్ని చూసి ఏం పట్టుకుంటారో నాకు తెలుసు. ఈమధ్య అమెరికాలో ఇలాంటివాళ్ల శాతం పెరుగుతోందని చదివాను. పుట్టుకతోనే వచ్చేదైతే పెరగడం ఎందుకు?

ఓఎంఆర్_కిరణ్
మాస్టారూ, నేను చిన్నప్పటి నుంచి చూసిన ప్రతి సినిమాలో, ప్రతి సీరియల్లో అబ్బాయి అమ్మాయినే ప్రేమించాడు. ఒంగోలులో మా ఇంటి ఎదురుగానే సినిమా హాలు. అన్ని చూసినా నాకది అంటలేదు. చూస్తే వచ్చేదైతే నాకు ఆడపిల్లల మీద ప్రేమ రావాలి కదా?

నేను గే. ఈ వేదికలో చాలామందికి తెలియదు, ఇప్పుడు తెలిసింది.

టీనగర్_సుబ్బు
తమ్ముడూ, చెప్పినందుకు సంతోషం. నువ్వు షోళింగనల్లూరు ట్రాఫిక్ మీద రాసిన పోస్టులకి నేను వీరాభిమానిని. అది మాత్రం మారనివ్వకు.

మనసు_డాక్టరు
నేను సైకియాట్రిస్టుని, చెన్నైలోనే ప్రాక్టీసు. పద్మగారి అమ్మగారి ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసిపోయాయి. జన్యువుల వల్ల వస్తుందా? మనం ఎంచుకుంటే వస్తుందా? ప్రయత్నిస్తే మారుతుందా? వీటికి విడివిడిగా జవాబు చెప్పుకోవాలి, లేకపోతే గందరగోళమే.

జన్యువుల మాట. 1991లో బెయిలీ, పిల్లార్డ్ అనే ఇద్దరు అమెరికాలో కవలల మీద పరిశోధన చేశారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరు గే అయితే రెండోవారు కూడా గే అయినవి 52 శాతం. వేరువేరు అండాల కవలల్లో 22 శాతం. దత్తత వచ్చిన అన్నదమ్ముల్లో 11 శాతం. జన్యువులు పూర్తిగా ఒకటైన కవలల్లోనే అంకె అన్నిటికంటే ఎక్కువ. అయితే ఆ మనుషుల్ని గే పత్రికల్లో ప్రకటనలిచ్చి పోగుచేశారు, అందుకే అంకెలు కొంచెం ఎక్కువగా వచ్చి ఉంటాయి. తర్వాత స్వీడన్‌లో దేశం మొత్తం కవలల రిజిస్టరు ముందేసుకుని చూశారు, 2010లో అచ్చయింది. అందులో మనిషికీ మనిషికీ మధ్య ఈ తేడా రావడంలో జన్యువుల వాటా మగవాళ్లలో 34 నుంచి 39 శాతం, ఆడవాళ్లలో 18, 19 శాతం. మిగతాది జన్యువులు కానిది.

ఇక్కడే అందరూ పొరబడతారు. "జన్యువులు కాకపోతే పెంపకమే కదా" అంటారు. కాదు. ఆ స్వీడన్ లెక్కలో మగవాళ్ల విషయంలో ఒకే ఇంట్లో, ఒకే తల్లిదండ్రుల దగ్గర పెరగడం వల్ల వచ్చే వాటా సున్నా. మిగిలిందంతా ఆ ఒక్క మనిషికే ప్రత్యేకమైనది. అందులో తల్లి కడుపులో ఉన్నప్పుడు జరిగేవి కూడా ఉంటాయి. ఆడవాళ్లలో మాత్రం కుటుంబ వాతావరణానికి కొంత వాటా కనిపించింది, 16, 17 శాతం.

1993లో డీన్ హేమర్ అనే అమెరికా శాస్త్రవేత్త దీనికి సంబంధం ఉందని ఎక్స్ క్రోమోజోము మీద ఒక చోటు చూపించాడు. పేపర్లు దాన్ని "గే జన్యువు" అని మోతమోగించాయి. 2019లో 4 లక్షల 70 వేల మందికి పైగా జన్యువులు పరిశీలించిన పెద్ద అధ్యయనం 'సైన్స్' పత్రికలో వచ్చింది. దాని సారాంశం: అలాంటి ఒక్క జన్యువు లేదు. చిన్నచిన్న ప్రభావం ఉన్నవి ఎన్నో ఉన్నాయి, అన్నీ కలిపినా తేడాలో 8 నుంచి 25 శాతమే వివరిస్తాయి. ఎత్తు, తెలివితేటల్లాంటి లక్షణాల్లోనూ ఇలాంటి పోగే కనిపిస్తుంది. కాబట్టి రక్తపరీక్ష చేసి "మీవాడు ఇదీ" అని చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇక ఎంచుకోవడం గురించి. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా కోరి తెచ్చుకున్నామని చెప్పలేదు. పోవాలని మొక్కుకున్నవాళ్లు మాత్రం బోలెడుమంది.

ఐదో_అబ్బాయి
డాక్టరుగారూ, అన్నలు ఎక్కువమంది ఉంటే తమ్ముడు గే అవుతాడని ఎక్కడో చదివాను, నిజమేనా? నాకు నలుగురు అన్నలు. మా ఆవిడ ఇప్పుడే ఈ చర్చ చదివి నా వైపు అదోలా చూస్తోంది.

మనసు_డాక్టరు
నిజమే, అది ఎన్నో దేశాల్లో కనిపించిన విషయం. రే బ్లాన్‌చార్డ్ అనే కెనడా శాస్త్రవేత్త దాని మీద చాలా పనిచేశాడు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఒక్కో అన్నకీ తమ్ముడు గే అయ్యే అవకాశం దాదాపు మూడోవంతు పెరుగుతుంది. మొదటి అవకాశమే నూటికి రెండు అనుకుంటే, ఒక అన్న ఉన్నవాడికి అది రెండున్నర చిల్లర అవుతుంది, అంతే. నలుగురు అన్నలున్నా నూటికి తొంభైమందికి ఏమీ కాదు. మీ ఆవిణ్ణి నిశ్చింతగా ఉండమనండి.

ఇందులో నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. సవతి అన్నలతో, దత్తత అన్నలతో కలిసి పెరిగితే ఈ ప్రభావం కనిపించలేదు. సొంత తల్లికి పుట్టిన అన్నలు వేరే ఇంట్లో పెరిగినా కనిపించింది. అంటే కారణం ఇంట్లో లేదు, కడుపులో ఉంది. మగబిడ్డను మోసినప్పుడల్లా తల్లి శరీరం మగపిండానికి సంబంధించిన ఒక ప్రోటీన్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసుకుంటుందని, ఆ ప్రభావం తర్వాతి కొడుకుల మీద పడుతుందని అనుకుంటున్నారు. 2018లో ఆ దిశగా కొంత ఆధారం దొరికింది. ఇంకా పూర్తిగా తేలలేదు.

మాస్టారి ప్రశ్నకి: అమెరికాలో గ్యాలప్ అనే సంస్థ చేసే సర్వేలో తాము ఇలాంటివాళ్లమని చెప్పుకున్న పెద్దవాళ్లు 2012లో 3.5 శాతం, 2024కి అది 9.3 అయింది, నిజమే. అందులో సగానికి పైగా బైసెక్సువల్ అని చెప్పుకున్నవాళ్లు, అంటే ఇద్దరి మీదా ఆకర్షణ ఉన్నవాళ్లు. వాళ్లు ఎప్పుడూ ఉన్నారు, నోరు విప్పి చెప్పడం ఇప్పుడు మొదలైంది. మీరు బళ్లో పనిచేసినవారు, ఎడమచేత్తో రాసే పిల్లల్ని ఒకప్పుడు వేళ్ల మీద కొట్టి కుడిచేత్తో రాయించేవాళ్లు కదా? కొట్టడం మానేశాక క్లాసులో ఎడమచేతివాళ్లు ఎక్కువ కనిపించారు.

రిటైర్డ్_మాస్టారు
ఎడమచేతి ఉదాహరణ ఆలోచించదగ్గదే. కానీ డాక్టరుగారూ, మీరే చెప్పారు జన్యువుల వాటా మూడోవంతే అని. మిగతా మూడొంతుల్లో రెండొంతులు ఏమిటో మీకూ తెలియదు. తెలియనిదాన్ని "సావాసం కాదు" అని అంత ధీమాగా ఎలా చెబుతారు? మా ఊళ్లో హాస్టల్లో ఉన్న కుర్రాళ్ల మధ్య ఇలాంటివి ఉండేవి. తర్వాత పెళ్లిళ్లయి పిల్లాపాపలతో బతికారు. మరి వాళ్లకి పోయినట్టే కదా?

ఓఎంఆర్_కిరణ్
పోయింది అనకండి మాస్టారూ. హాస్టల్లో వయసు ఉడుకుతో చేసినవాళ్లు వేరు, వాళ్లకి మొదటి నుంచీ ఆడపిల్లలే ఇష్టం. ఇద్దరూ ఇష్టమైనవాళ్లు వేరు. ఆ హాస్టల్లోనే మూలన కూర్చుని ఒకణ్ణి లోపల్లోపల ప్రేమించి, ఏమీ చెప్పలేక, ఇంట్లోవాళ్లు చూపించిన పిల్లని చేసుకుని, పిల్లల్ని కని, ఇప్పటికీ రాత్రిళ్లు నిద్రపట్టనివాళ్లు వేరు. బయటినుంచి చూస్తే ముగ్గురూ పిల్లాపాపలతో బాగానే కనిపిస్తారు.

నా కథ చెబుతాను. ఇంటర్‌లో ఉండగా మా నాన్నకి తెలిసింది. కొట్టలేదు, ఏడ్చాడు. అదే భరించలేకపోయాను. తర్వాత ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఊరు, పేరు వద్దు. ఆయన నిద్రమాత్రలేవో ఇచ్చాడు, వారం వారం మగ హార్మోను ఇంజెక్షన్ చేశాడు. "హీరోయిన్ల ఫొటోలు చూస్తూ పడుకో" అన్నాడు. ఇంజెక్షన్లకి మొటిమలొచ్చాయి, కోపం పెరిగింది, కోరిక పెరిగింది. ఆ కోరిక మాత్రం ఎప్పటి దిక్కుకే. ఇంట్లోవాళ్లు ప్రతి ఆదివారం "ఏమైనా తేడా ఉందా" అని అడిగేవాళ్లు. ఆ ప్రశ్నకి తలొంచుకుని కూర్చున్న పిల్లాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నాకు దుఃఖం ఆగదు.

డాక్టరుగారి లెక్కలకి నా గౌరవం. అయినా నాదొక ప్రశ్న. రేపు ఎవరో "పుట్టుకతో కాదు, ఐదో ఏట వస్తుంది" అని రుజువు చేశారనుకోండి. అప్పుడు నన్ను మళ్లీ ఆ ఇంజెక్షన్ల గదికి పంపొచ్చా? నాకు రావలసిన గౌరవం ఏదో ల్యాబ్ రిపోర్టు మీద ఆధారపడకూడదు.

వేళచ్చేరి_విజయ
కిరణ్ అన్న ఆఖరి మాట సరైనదే. కానీ నాలాంటి తల్లికి ఆ ల్యాబ్ రిపోర్టే కావలసి వచ్చింది బాబూ. మా అమ్మాయి తన సంగతి చెప్పినప్పుడు నా మనసు ముందు నా మీదకే పోయింది. ఉద్యోగం చేస్తూ దాన్ని సరిగ్గా పట్టించుకోలేదా, మగపిల్లాడిలా జుట్టు కత్తిరించానే అందుకా, వాళ్ల నాన్న గల్ఫ్‌లో ఉండడం వల్లా? మా అత్తగారు అదే అన్నారు కూడా. పెంపకం వల్ల కాదని డాక్టరు కాగితం మీద గీసి చెప్పాకే నేను కడుపునిండా అన్నం తిన్నాను. మీ పిల్లలకి ఈ రుజువులు అక్కర్లేకపోవచ్చు, మమ్మల్ని నలుగురూ నిలదీసినప్పుడు మాకు కావాలి.

ఓఎంఆర్_కిరణ్
ఇది నాకు తట్టలేదు అమ్మా. మా అమ్మని కూడా అలాగే నిలదీసి ఉంటారు.

మనసు_డాక్టరు
కిరణ్‌కి జరిగినదాన్ని వైద్యం అనడానికి వీల్లేదు. హార్మోను ఇస్తే కోరిక తీవ్రత పెరుగుతుందే గాని దాని దిశ మారదు, ఇది ఎప్పుడో తేలిన విషయం.

మూడో ప్రశ్న, మారుతుందా అన్నది మిగిలిపోయింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనే దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తీసేసింది. మన ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా ఇది మానసిక రోగం కాదని 2018లో ప్రకటించింది. 1973 నిర్ణయంలో ముందున్న రాబర్ట్ స్పిట్జర్ అనే పెద్ద డాక్టరే తర్వాత 2003లో "కొందరు మారారు" అని ఒక అధ్యయనం అచ్చేశాడు. గేలని మారుస్తామనే దుకాణాలన్నీ దాన్ని నెత్తిన పెట్టుకున్నాయి. అందులో ఉన్నదల్లా మారామని వాళ్లు ఫోన్లో చెప్పిన మాటే. 2012లో ఆయన ఆ అధ్యయనం చెల్లదని చెప్పి గే సమాజానికి క్షమాపణ చెప్పాడు. ప్రార్థనలతో మారుస్తామని అమెరికాలో దశాబ్దాలు నడిచిన ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అనే సంస్థ కూడా 2013లో క్షమాపణ చెప్పి మూతపడింది.

మాస్టారూ, తెలియనిది తెలియదనే చెబుతాను. కానీ ఫలానా రకం పెంపకం, సావాసం కారణమని చూపడానికి వందేళ్లుగా ప్రయత్నించారు, నిలబడే ఆధారం దొరకలేదు. నా ధీమా దాని మీదే.

లా_బుక్కు
మన చెన్నైలో ఉన్నవాళ్లు తప్పక తెలుసుకోవలసింది ఒకటుంది. 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ ఇచ్చిన ఉత్తర్వు. మదురై నుంచి ఇద్దరమ్మాయిలు ఇంట్లోవాళ్లకి భయపడి చెన్నై వచ్చి రక్షణ కోరారు. ఈ విషయం తనకి సరిగా తెలియదని ఆ జడ్జిగారు తీర్పు రాసే ముందు స్వయంగా ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఆ సంగతి ఉత్తర్వులోనే రాశారు. మారుస్తామని చేసే చికిత్సల్ని నిషేధించమన్నారు, చేసే డాక్టర్ల లైసెన్సు మీద చర్య తీసుకోమన్నారు. 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ అలాంటి చికిత్స వృత్తిపరమైన తప్పిదమని రాష్ట్రాల వైద్య మండళ్లకి రాసింది. కిరణ్‌కి జరిగింది ఇప్పుడు జరిగితే ఆ డాక్టరు మీద ఫిర్యాదు చేయొచ్చు.

377 సంగతి అందరికీ తెలిసిందే, ఇష్టపడిన పెద్దవాళ్ల మధ్య స్వలింగ సంబంధం ఆ సెక్షన్ కింద నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పింది. పెళ్లి హక్కు మాత్రం 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఇవ్వలేదు, పార్లమెంటు చూసుకోవాలంది. అంటే ఒక గే మనిషి తను ప్రేమించినవాణ్ణి చట్టప్రకారం పెళ్లి చేసుకోలేడు. ప్రేమించని ఆడపిల్లని మాత్రం భేషుగ్గా చేసుకోవచ్చు, బాజా భజంత్రీలతో.

కోడంబాక్కం_కలం
నేను డబ్బింగ్ సీరియళ్లకి మాటలు రాస్తాను. పద్మగారు చెప్పిన సీరియల్ నాది కాదు. అయినా ఎలా జరుగుతుందో చెబుతాను. గురువారం రేటింగులు వస్తాయి. ఒక ట్రాక్ కిందకి పడితే శుక్రవారానికి కథ మారిపోతుంది. గే పాత్రకి ఉన్న దారులు మూడే. ఒకటి అమెరికా పంపించడం. రెండు చంపేయడం. మూడు పెళ్లి. పెళ్లి ట్రాక్ అంటే పసుపు, సంగీత్, నగలు, రెండు వారాల సరుకు, స్పాన్సర్లు కూడా ఒప్పుకుంటారు. ఎవరికీ ద్వేషం ఉండి చేసేది కాదిది. ఆ పాత్రని మనిషిగా ఎవరూ తలుచుకోకపోవడం వల్ల జరిగేది.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో 'డైనాస్టీ' సీరియల్ 1981లో మొదలైంది, స్టీవెన్ అనే గే కొడుకు పాత్రతో. మొదటి సీజన్‌లోనే తండ్రి చేతిలో స్టీవెన్ ప్రియుడు చనిపోతాడు. తర్వాత స్టీవెన్‌కి ఆడవాళ్లతో పెళ్లిళ్లు చేశారు. ఆ పాత్ర వేసిన ఆల్ కోర్లీ దాని ఇష్టాలు ఇలా అటూ ఇటూ మార్చేయడం నచ్చక 1982లో తప్పుకున్నాడు. బ్రిటన్‌లో బీబీసీవాళ్ల 'ఈస్ట్‌ఎండర్స్' 1987లో ఒక మగవాడు తన ప్రియుడి నుదుటి మీద ముద్దు పెట్టినట్టు చూపిస్తే పేపర్లన్నీ మీదపడ్డాయి. వాళ్లు పాత్రని మార్చలేదు. కొలిన్ అనే ఆ పాత్ర వేసిన మైకేల్ క్యాష్‌మన్ తర్వాత యూరోపియన్ పార్లమెంటుకి ఎన్నికయ్యాడు, 2014 నుంచి హౌస్ ఆఫ్ లార్డ్స్ సభ్యుడు. హిందీలో 2010లో స్టార్ ప్లస్‌లో వచ్చిన 'మర్యాద: లేకిన్ కబ్ తక్'లో గే కొడుకు పాత్ర ఉంది. 2019లో 'మేడ్ ఇన్ హెవెన్' వెబ్ సిరీస్‌లో కరణ్ పాత్రని చూడండి, పెళ్లిళ్లు జరిపించే వృత్తి, వాడి జీవితం మొత్తం ఉంది అందులో, ప్రేమ, అప్పులు, పిరికితనం, ధైర్యం. కానీ అది ఫోన్లో ఒంటరిగా చూసేది. పద్మగారి అమ్మగారు కూరగాయలు తరుగుతూ చూసేది కాదు. అందుకే సీరియల్ ముఖ్యం.

రిటైర్డ్_మాస్టారు
అంటే అన్ని సీరియళ్లలోనూ పెట్టాలంటారా?

కోడంబాక్కం_కలం
పెట్టమనను మాస్టారూ. పెడితే అబద్ధం చెప్పొద్దంటాను. కామెడీ షోలో చేతులు తిప్పుతూ నడిచే పాత్ర, సీరియల్లో తాళి కట్టగానే మారే పాత్ర, ఇవి రెండే మా దగ్గర ఉన్నవి. అన్నయ్యగా, బ్యాంకు క్లర్కుగా, అప్పు ఎగ్గొట్టే బావగా కూడా రాయొచ్చు కదా.

టీనగర్_సుబ్బు
అప్పు ఎగ్గొట్టే బావ పాత్రకి నా దగ్గర అసలు మనిషి ఉన్నాడు, ఎప్పుడు కావాలంటే అప్పుడు పంపిస్తాను.

నెల్లూరు_రాధ
ఇంతసేపూ చదువుతూ ఉండిపోయాను. పుట్టుకతోనా కాదా అని అందరూ మాట్లాడారు. "మరదలు" గురించి ఎవరూ అడగలేదు. ఆ సీరియల్లో తాళి కట్టించుకున్న పిల్ల గురించి. నేను ఆ పిల్లని.

పెద్దలు కుదిర్చిన సంబంధం. నెల్లూరులో పెళ్లి, చెన్నైలో కాపురం. ఆయన చెడ్డవాడు కాదు. నా మీద చెయ్యెత్తలేదు, మాట తూలలేదు. నన్ను తాకనూ లేదు. పడక గదిలో గోడవైపు తిరిగి పడుకునేవాడు, నేను ఆ వీపుని చూస్తూ నాలో ఏం లోపమో వెతుక్కునేదాన్ని. రంగు తక్కువా, ఒళ్లు చేశానా, చెమట వాసనా? కొత్త చీరలు, కొత్త సబ్బులు, పిచ్చిదానిలా ఎన్ని మార్చానో. పిల్లలు పుట్టలేదని మా అత్తగారు నన్ను గైనకాలజిస్టు దగ్గరికి తిప్పారు. ఆ పరీక్షలన్నీ చేయించుకున్నాను. అసలు ఏమీ జరగలేదని డాక్టరుతో చెప్పడానికి సిగ్గు. మావైపువాళ్లు తిరుమలకి మొక్కమన్నారు. మొక్కాను.

ఆఖరికి ఆయనే చెప్పాడు, వంటగది గుమ్మంలో నిలబడి ఏడుస్తూ. కోపం కంటే ముందు నాకు ప్రాణం లేచొచ్చింది, లోపం నాలో లేదని. కోపం మా అత్తగారి మీద వచ్చింది. ఆవిడకి పెళ్లికి ముందే తెలుసు. నా మొహం మీదే అన్నారు, "నీలాంటి చక్కని పిల్ల వస్తే మారతాడనుకున్నానమ్మా" అని. ఆవిడ కొడుక్కి నేను మందుని. మందుకి కూడా ఒక బతుకు ఉంటుందని ఆవిడకి తోచలేదు.

ఇద్దరం ఒప్పుకుని విడాకులు తీసుకున్నాం. నేనిప్పుడు బాగానే ఉన్నాను. కానీ ఆ సీరియల్లో మల్లెపూల సీను చూసి ఇంకో నలుగురు అత్తగార్లు సంబంధాలు వెతకడం మొదలుపెడతారు. నాకు భయం దాని గురించే.

పెరంబూరు_పద్మ
రాధగారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ అత్తగారికి చెంప పగలగొట్టేవాళ్లు లేకపోయారు" అంది. పుట్టుకతో వస్తుందా అని మళ్లీ అడగలేదు.

లా_బుక్కు
రాధగారి పరిస్థితిలో ఎవరైనా ఉంటే: హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద, ముఖ్యమైన విషయం దాచి మోసంతో పెళ్లి చేస్తే ఆ పెళ్లి రద్దు చేయమని కోరవచ్చు. మోసం తెలిసిన ఏడాదిలోపు వెయ్యాలి, తెలిశాక కూడా ఇష్టపడి కాపురం చేస్తే కుదరదు. ఆ గడువు సంగతి చాలామందికి తెలియదు, సర్దుకుపొమ్మని పెద్దలు ఆపేలోపు అది దాటిపోతుంది.

రిటైర్డ్_మాస్టారు
సైన్సు సంగతి నాకు ఇంకా సందేహాలున్నాయి, దాచుకోను. మనవరాలు ఇలాంటి సీరియళ్లు చూడడం ఇప్పటికీ నాకిష్టం లేదు. కానీ రాధమ్మకి జరిగింది ఘోరం. తెలిసి తెలిసి ఒక ఆడపిల్ల గొంతు కోయడం ఏ ధర్మంలోనూ లేదు. మా బంధువుల్లో ఒకచోట ఇలాగే ఒక పెళ్లి జరగబోతోందని నాకు అనుమానం ఉంది. వెళ్లి అడుగుతాను.

కొత్తసభ్యుడు_417
ఇక్కడ రాయడానికే అకౌంటు తెరిచాను. అంబత్తూరులో ఉంటాను. మాఘమాసంలో నా పెళ్లి. నిశ్చితార్థం అయిపోయింది. నేను కిరణ్ లాంటివాణ్ణే. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయి రోజూ గుడ్‌మార్నింగ్ మెసేజ్ పెడుతుంది. చాలా మంచి పిల్ల. పెళ్లయ్యాక నెమ్మదిగా చెప్పొచ్చు అనుకున్నాను. నాన్నకి గుండె ఆపరేషన్ అయింది. ఏం చెయ్యాలో తెలియడం లేదు. టెన్షన్‌తో అన్నం దిగడం లేదు.

ఓఎంఆర్_కిరణ్
తమ్ముడూ, నీకు మెసేజ్ పెట్టాను, చూడు. అంబత్తూరు ఎంత దూరం, ఈ రాత్రికే వస్తాను. ఒక్కడివే ఉండకు.

మనసు_డాక్టరు
రాత్రిపూట మనసు మరీ బరువైతే 14416కి ఫోన్ చెయ్యండి. టెలిమానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు. నాన్నగారి గుండె సంగతి విడిగా చూద్దాం. ఎవరు చెబుతారు, ఎప్పుడు చెబుతారు, పక్కన ఎవరుంటారు అన్నది ముందే అనుకుంటే చాలావరకు తట్టుకుంటారు. గే అన్న మాట ఈ రోజే అందరికీ చెప్పి తీరాలని లేదు. పెళ్లి ఆపడం, మీ గురించి చెప్పుకోవడం రెండూ వేరువేరు పనులు. మొదటిదానికే తొందర.

రిటైర్డ్_మాస్టారు
బాబూ, నీ పేరు నాకు అక్కర్లేదు. మీ నాన్నతో మాట్లాడడానికి పెద్దమనిషి ఎవరైనా కావాలంటే నేను వస్తాను. పెళ్లి వద్దంటున్నాడు, బలవంతపెట్టకండి అని చెప్పడానికి నాకు సైన్సు తెలియక్కర్లేదు.

కొత్తసభ్యుడు_417
మాస్టారూ, నిజంగా వస్తారా?

రిటైర్డ్_మాస్టారు
వస్తాను. అన్నానగర్ నుంచి బస్సులో ఎంతసేపు.

నెల్లూరు_రాధ
తమ్ముడూ, ఒక్క సంగతి మర్చిపోకు. సంబంధం వదులుకునేటప్పుడు మీవాళ్లు జాతకాలు కలవలేదనో, అమ్మాయి గురించి ఏదో విన్నామనో నెపం వెతుకుతారు. ఒప్పుకోకు. నిశ్చితార్థం తప్పిపోయిన పిల్ల మీద మచ్చ పడుతుంది, తర్వాత వచ్చే ప్రతి సంబంధం దగ్గరా అదే అడుగుతారు. "నాకు పెళ్లి ఇష్టం లేదు, తప్పు నాది, అమ్మాయిలో వంక లేదు" అని నువ్వే వాళ్ల నాన్నతో నీ నోటితో చెప్పు. కుదిరితే ఆ పిల్లతో కూడా. వాళ్లు పెట్టిన ఖర్చు ఎంతయిందో లెక్క కట్టించి తిరిగి ఇచ్చెయ్యి. హాలు అడ్వాన్సు, చీరలు, అన్నీ.